ప్రభుత్వ విధానాలను ఆడవాళ్ళ వైపు నుంచి చూస్తే: తిరుపతి, చిత్తూరు జిల్లాల అనుభవం

2025 వేసవిలో చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో తోతాపురి మామిడి ధర పడిపోయింది. పల్ప్ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. రైతుకు కిలోకు 12 రూపాయలు దక్కేలా చూస్తామని ప్రభుత్వం చెప్పింది. అందులో 8 రూపాయలు ఫ్యాక్టరీలు ఇవ్వాలి, మిగతా 4 రూపాయలు ప్రభుత్వం రైతు ఖాతాలో వేస్తుంది. దీన్ని ఎవరూ మహిళా పథకం అనుకోలేదు. చర్చంతా ధర గురించి, ఫ్యాక్టరీల గురించి, రాజకీయాల గురించే సాగింది.

ఆ 4 రూపాయలు ఎవరి ఖాతాలో పడతాయి? తోట ఎవరి పేరున ఉంటే వాళ్ళ ఖాతాలో. పాసు పుస్తకం ఎక్కువ ఇళ్ళలో మగవాళ్ళ పేరునే ఉంటుంది. తోటలో కలుపు తీసేవాళ్ళలో, రాలిన కాయ ఏరేవాళ్ళలో, సీజన్ ఉన్న రెండు మూడు నెలలు పల్ప్ ఫ్యాక్టరీల్లో కాయలు వేరుచేసి, కడిగి, కోసే పనిలో ఆడవాళ్ళు పెద్ద సంఖ్యలో ఉంటారు. ఫ్యాక్టరీ కొనుగోళ్ళు తగ్గిస్తే రైతుకు నష్టం వస్తుంది, వాళ్ళకు కూలి పోతుంది. రైతు నష్టాన్ని లెక్కగట్టి, ధర పెట్టి, డబ్బు విడుదల చేశారు. పోయిన కూలి రోజులు మాత్రం ఏ ఫైలులోనూ కనిపించవు. రైతుకు ఆ సాయం అందాల్సిందే, అందులో తప్పు పట్టాల్సింది లేదు. కానీ ఒక పంట సంక్షోభంలో ఎవరెవరు నష్టపోయారన్న లెక్క సగంలోనే ఆగిపోయింది.

స్త్రీ పురుష సమానత్వం వైపు నుంచి విధానాలను అంచనా వేయడం అంటే మహిళా పథకాలను పరిశీలించడమే అని చాలామంది అనుకుంటారు. అది ఆ పనిలో చిన్న భాగం. మామిడి ధర, కాలువ నీళ్ళు, బస్సు టైమింగ్, ఫ్యాక్టరీ షిఫ్టు, ఇంటి స్థలం ఊరికి ఎంత దూరంలో ఇచ్చారన్నది, ఇవన్నీ ఆడవాళ్ళ మీద ఒక రకంగా, మగవాళ్ళ మీద ఇంకో రకంగా పనిచేస్తాయి. అందరికీ అని జీవోలో రాసినా అది అందరికీ ఒకేలా చేరదు. అది చేరే ఇంట్లో పని, ఆస్తి, డబ్బు మీద పెత్తనం ముందునుంచే సమానంగా లేవు. అందుకే పేరులో మహిళ అన్న మాట లేని విధానాలకే ఈ పరిశీలన ఎక్కువ అవసరం.

ఏ పథకం గురించి ప్రకటన వచ్చినా మొదట కనిపించేది లబ్ధిదారుల సంఖ్య. ఇన్ని లక్షల మంది మహిళలకు ఇన్ని కోట్ల రూపాయలు. ఆ అంకె అవసరమే, కానీ అది ఖర్చు లెక్క. ఆమె బతుకులో ఏం మారిందో తెలియాలంటే ఇంకా లోపలికి వెళ్ళాలి. రోజులో ఆమెకు సమయం మిగిలిందా, ఉన్నది కూడా పోయిందా? వచ్చిన డబ్బు ఎలా ఖర్చు పెట్టాలో తేల్చేది ఎవరు? చదువు, ఉద్యోగం, వైద్యం, అవసరమైతే చెడ్డ కాపురంలోంచి బయటికి రావడం, వీటిలో ఆమె ముందున్న దారులు పెరిగాయా?

వీటిలో సమయం గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. 2024లో కేంద్ర గణాంక శాఖ చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి పని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు జీతం లేని ఆ పనికే పెడుతున్నారు. ఇంటి పనిలో చేయి వేసే మగవాళ్ళు పెడుతున్నది 88 నిమిషాలు. అసలు చేయి వేయని మగవాళ్ళు ఈ 88లో లేరు. ఈ తేడా పక్కన పెట్టి ఏ పథకాన్ని చూసినా అంచనా తప్పుతుంది. ఒక పథకం కోసం ఆమె గ్రామ సచివాలయం చుట్టూ తిరిగితే పోయేది ఆమె కూలి. ఇంటి దగ్గర పని మాత్రం అలాగే ఉంటుంది, రాత్రి తిరిగొచ్చాక అదీ ఆమే చేయాలి.

భూమి పేరు, పాల బిల్లు

అన్నదాత సుఖీభవ పథకంలో ఒక రైతు కుటుంబానికి ఏడాదికి 20 వేల రూపాయలు వస్తాయి. అందులో కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ 6 వేలు, రాష్ట్రం వాటా 14 వేలు. భూమి రికార్డే దీనికి ప్రధాన ఆధారం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగు కమతాల్లో మహిళల చేతిలో ఉన్నవి దాదాపు 14 శాతం. అదే దేశంలో, గ్రామాల్లో పనిచేసే ఆడవాళ్ళలో నాలుగింట మూడు వంతుల మంది వ్యవసాయంలోనే ఉన్నారని కార్మిక సర్వేలు చెబుతున్నాయి. చేసే పనికి, పేరున ఉన్న భూమికి ఇంత దూరం ఉన్నప్పుడు భూమి రికార్డు చూసి ఇచ్చే ఏ సాయమైనా మొదటి అడుగులోనే ఒక పక్కకు ఒరిగిపోతుంది.

చట్టం లేక ఇలా జరగలేదు. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం తెచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. అంటే దాదాపు ఇరవై ఏళ్ళు ముందున్న రాష్ట్రం ఇది. అయినా పెళ్ళప్పుడు పెట్టిన బంగారంతోనో, పసుపు కుంకుమ కింద ఇచ్చిన దానితోనో లెక్క సరిపోయిందని అనుకునే ఇళ్ళే ఎక్కువ. వాటా అడిగితే పుట్టింటి గడప తొక్కనివ్వరన్న భయంతో సంతకం పెట్టి వదులుకునే ఆడపిల్లలు ఇప్పటికీ ఉన్నారు. చట్టం వచ్చిందని గుర్తు పెట్టుకుని వదిలేస్తే ఇది బయటపడదు. ఆస్తి పంచుకునేందుకు ఏటా జరిగే భాగపరిష్కారాల్లో ఎంతమంది ఆడపిల్లలు వాటా తీసుకున్నారు, ఎంతమంది వదులుకున్నారు అన్న లెక్క రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోని దస్తావేజుల్లోనే ఉంది. దాన్ని బయటికి తీసి చూస్తే ఆ చట్టం ఎంత పనిచేసిందో కచ్చితంగా తెలుస్తుంది.

పాల విషయంలో ఇదే ప్రాంతంలో వేరే అనుభవం ఉంది. చిత్తూరు విజయ డెయిరీ 2002లో మూతపడింది. ఆ తర్వాత 2014లో తిరుపతి కేంద్రంగా శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీ మొదలైంది. ఇందులో సభ్యులంతా మహిళలే, లక్షకు పైగా ఉన్నారు. సభ్యత్వం ఆమెది కాబట్టి పాల బిల్లు కూడా ఆమె ఖాతాలోనే పడుతుంది. గడ్డి కోయడం, పేడ తీయడం, పాలు పితకడం ఎప్పటినుంచో ఆమె పనే, కొత్తగా వచ్చింది ఆ బిల్లు ఒక్కటే. భూమి పేరు మారాలంటే కుటుంబంలో పెద్ద గొడవ జరగాలి, పాల బిల్లు పేరు మారడానికి ఒక సంస్థ తన నిబంధన అలా రాసుకుంటే సరిపోయింది. విధానం రాసేవాళ్ళు దీని దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది. సాయానికి భూమి ఒక్కటే ఆధారమని రాసిపెట్టి, ఆడవాళ్ళ వాటా తక్కువగా ఉందని బాధపడటం కన్నా, చేసే పనిని ఆధారంగా పెట్టుకునే దారి వెతకడం మేలు.

ఉచిత బస్సు: జీరో టికెట్ ఏం చెబుతుంది

ఇటీవలి విధానాల్లో లోతుగా చూడదగినది స్త్రీశక్తి. 2025 ఆగస్టు 15న మొదలైన ఈ పథకంలో రాష్ట్రంలో నివాసమున్న మహిళలు, బాలికలు, ట్రాన్స్‌జెండర్లు పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులు లేకుండా ప్రయాణించవచ్చు. తమిళనాడు 2021లో, కర్ణాటక, తెలంగాణ 2023లో ఇలాంటి పథకాలే తెచ్చాయి.

దీన్ని ఉచితాల జాబితాలో వేసి కొట్టిపారేసేవాళ్ళు ఒకటి మర్చిపోతున్నారు. ఇంట్లో బండి ఉంటే అది మగవాడి చేతిలో ఉంటుంది. ఆమె బయటికి వెళ్ళాలంటే ఎవరైనా దించాలి, లేదా చార్జీకి డబ్బు అడగాలి. అడిగినప్పుడల్లా ఎక్కడికి, ఎందుకు అన్న ప్రశ్న వస్తుంది. చార్జీ పోతే ఆ ప్రశ్న కొంతైనా తగ్గుతుంది. మిగిలిన రూపాయల కంటే ఇది పెద్ద మార్పు. పాకాల నుంచో పుత్తూరు నుంచో తిరుపతి రుయా ఆసుపత్రికి, పక్కనే ఉన్న ప్రసూతి ఆసుపత్రికి రావాల్సిన ఆమె, చార్జీ లేక చెకప్‌ను వచ్చే నెలకు వాయిదా వేయడం మానుకుంటే అది ఆరోగ్య శాఖ లెక్కల్లో కనిపించాల్సిన ఫలితం. రవాణా పథకం ఫలితాన్ని ఆసుపత్రి ఓపీ రిజిస్టరులో వెతకాలని ఎవరికీ తోచడం లేదు.

ఈ పథకంలో ఇంతకుముందు లేని ఒక మంచి వనరు ఉంది. ఆర్టీసీకి ప్రభుత్వం డబ్బు తిరిగి ఇవ్వడానికి ఆధారంగా ప్రతి మహిళకూ జీరో టికెట్ కొడతారు. ఎక్కిన చోటు, దిగే చోటు, సమయం ఆ యంత్రంలో నమోదవుతాయి. ఇప్పటిదాకా ఆడవాళ్ళ ప్రయాణాల గురించి మన దగ్గర ఉన్నవి ఊహలే. ఇప్పుడు ఏ మండలంలో ఏ గంటకు ఎంతమంది ఎక్కుతున్నారో చూడవచ్చు. ఉదయం రద్దీ ఉండి సాయంత్రం ఏడు తర్వాత టికెట్లు బాగా పడిపోతే, చీకటి పడ్డాక భద్రత మీద నమ్మకం లేదనో, బస్సే లేదనో అర్థం. ఒక రూట్లో మధ్యాహ్నం ప్రయాణాలు పెరిగితే ఆసుపత్రి, బ్యాంకు పనులు పెరిగి ఉండవచ్చు. ఎన్ని కోట్ల టికెట్లు కొట్టారన్న మొత్తం అంకెలో ఇవేవీ కనిపించవు.

ఇక టికెట్ యంత్రం చెప్పలేని సంగతి ఒకటుంది. బస్సే రాని ఊరి ఆడవాళ్ళు ఆ లెక్కలో ఉండరు. చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో, అడవి అంచు ఊళ్ళలో రోజుకు ఒకటి రెండు ట్రిప్పులే వచ్చే చోట్లు, షేర్ ఆటో తప్ప వేరే దిక్కులేని చోట్లు ఉన్నాయి. అక్కడి ఆమెకు ఉచితం కాగితం మీదే ఉంది. పైగా జిల్లా కేంద్రానికి దగ్గరగా, బస్సులు ఎక్కువగా తిరిగే ఊళ్ళకే ఖర్చులో ఎక్కువ భాగం వెళుతుంది. ఈ పథకానికి తర్వాతి అడుగు ఇంకో తరగతి బస్సుకు ఉచితాన్ని పెంచడం కన్నా, బస్సు లేని ఊరికి బస్సు వేయడం కావాలి.

మినహాయింపులు కూడా చూడాలి. పథకం మొదలైనప్పుడు అంతర్రాష్ట్ర సర్వీసులను, నాన్‌స్టాప్ బస్సులను, తిరుమల కొండకు వెళ్ళే సప్తగిరి బస్సులను పక్కన పెట్టారు. అమరావతి నుంచి చూస్తే ఇవి సబబుగానే కనిపిస్తాయి. చిత్తూరు నుంచి చూస్తే వేరు. తమిళనాడులోని వేలూరు ఇక్కడికి గంట ప్రయాణం. పెద్ద జబ్బు చేస్తే అక్కడి సీఎంసీ ఆసుపత్రికి వెళ్ళడం తరతరాలుగా ఉన్న అలవాటు. సత్యవేడు, నగరి వైపు వాళ్ళకు పనికైనా, వైద్యానికైనా చెన్నై, తిరుత్తణి దగ్గర. సరిహద్దు మండలాల మహిళకు అవసరమైన ప్రయాణాల్లో చాలా భాగం రాష్ట్రం దాటేవే. అలాగే సప్తగిరి బస్సు భక్తులకు యాత్రా వాహనం, కొండ మీద దుకాణాల్లో, ఇతర పనుల్లో ఉన్న ఆడవాళ్ళకు మాత్రం అది పనికి వెళ్ళే బస్సు. కోట్లమంది యాత్రికులకు ఉచితం ఇవ్వడం కష్టమే, దాన్ని అర్థం చేసుకోవచ్చు. పని చేసేవాళ్ళకు విడిగా పాసు ఇవ్వడం కష్టం కాదు.

ఆటో డ్రైవర్ల మాట కూడా ఇక్కడే రావాలి. ఆడ ప్రయాణికులు బస్సెక్కితే షేర్ ఆటో ఆదాయం పడుతుంది. 2025 అక్టోబరులో ప్రభుత్వం ఆటో, క్యాబ్ డ్రైవర్లకు 15 వేల రూపాయల చొప్పున ఇచ్చింది. సమానత్వం కోణంలో అంచనా అంటే మగవాళ్ళ నష్టాన్ని పట్టించుకోకపోవడం అని కొందరు అపోహ పడతారు. నిజానికి ఇద్దరి మీదా పడే ప్రభావాన్ని విడివిడిగా చూడడమే దీని పద్ధతి. ఆటో నడిపే ఆయన, బస్సెక్కే ఆవిడ చాలాసార్లు ఒకే ఇంట్లో ఉంటారు.

అమ్మ ఖాతాలో డబ్బు

2020 జనవరి 9న చిత్తూరులో అమ్మఒడి పథకం ప్రారంభమైంది. బిడ్డను బడికి పంపే తల్లి ఖాతాలో ఏడాదికి 15 వేలు. పిల్లలు ఎంతమంది ఉన్నా తల్లికి ఒకటే మొత్తం. 2024లో ప్రభుత్వం మారాక, 2025లో తల్లికి వందనం వచ్చింది. ఇందులో చదివే ప్రతి బిడ్డకూ లెక్క, 15 వేలలో 2 వేలు బడి నిర్వహణకు పోగా 13 వేలు తల్లికి. ఏ పార్టీ పథకం మంచిదన్న వాదన జోలికి పోకుండా చూసినా, రెండు ప్రభుత్వాలూ డబ్బు తల్లికే ఇవ్వాలన్న నిర్ణయాన్ని మార్చకపోవడం చెప్పుకోదగ్గ విషయం.

తల్లి ఖాతాలో వేయడం మంచి మొదలు. అయితే అక్కడి నుంచి అడగాల్సినవి ఉన్నాయి. ఏటీఎం కార్డు ఎవరి జేబులో ఉంటుంది? మెసేజ్ ఎవరి ఫోన్‌కు వస్తుంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి రాష్ట్రంలో తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఉన్న మహిళలు సుమారు సగం మందే. డబ్బు పడ్డ సంగతి భర్త ఫోన్‌లో ముందు తెలిసే ఇంట్లో ఖాతా పేరు వల్ల వచ్చే మార్పు తక్కువే. ఇంకో సంగతి, డబ్బు తల్లికి ఇస్తూ బిడ్డ చదువు బాధ్యతంతా తల్లిదే అని చెప్పకుండానే చెబుతున్నాం. హాజరు తగ్గితే నిలదీసేది ఆమెను, ఈ-కేవైసీ కాకపోతే కూలి మానుకుని సచివాలయానికి వెళ్ళేది ఆమె. తండ్రికి ఈ పథకంలో చేయాల్సిన పని ఏమీ లేదు.

అన్నిటికంటే కష్టంలో ఉండేది భర్త నుంచి వేరుగా బతికే మహిళ. మన పథకాలు ఎక్కువగా బియ్యం కార్డు మీద, కుటుంబం యూనిట్‌గా నడుస్తాయి. కోర్టుకు వెళ్ళకుండా, విడాకులు తీసుకోకుండా పుట్టింటికి వచ్చేసిన ఆమె పేరు కార్డులో ఇంకా భర్త ఇంట్లోనే ఉంటుంది. ఆ ఇంటి కరెంటు బిల్లు, ఆ ఇంటి పొలం, ఆ ఇంట్లో ఎవరికైనా ఉన్న ఉద్యోగం ఆమె అర్హతను తేలుస్తాయి. కార్డు విడగొట్టాలంటే కాగితాలు కావాలి, ఆ కాగితాలు వదిలొచ్చిన ఇంట్లోనే ఉంటాయి. కుటుంబంలో ఉన్నంతవరకే ఆడదానికి సాయం అన్నట్టు తయారవుతుంది వ్యవస్థ. పథకం రాసినవాళ్ళ ఉద్దేశం ఇది అయి ఉండదు, ఫలితం మాత్రం ఇదే. ఏ అంచనాలోనైనా మొదట వెతకాల్సింది ఇలాంటి ఆమెనే, ఎందుకంటే ఆమె లబ్ధిదారుల జాబితాలో దొరకదు.

దీపం-2లో చిన్నదిగా కనిపించే నిబంధన ఒకటి ఇలాంటిదే. ఏడాదికి మూడు గ్యాస్ సిలిండర్లు ఉచితం, కానీ మొదట్లో పెట్టిన పద్ధతి ప్రకారం ముందు పూర్తి ధర కట్టి సిలిండర్ తీసుకోవాలి, ఆ తర్వాత 48 గంటల్లో డబ్బు ఖాతాలోకి వస్తుంది. ఎనిమిది తొమ్మిది వందలు ఒక్కసారిగా చేతిలో ఉన్న ఇంటికి ఇది ఇబ్బంది కాదు. రోజు కూలితో నడిచే ఇంట్లో ఆ డబ్బు ఎవరినో అడిగి తేవాల్సింది వంట చేసే మనిషే. కుదరని నెలలో మళ్ళీ కట్టెల పొయ్యి, పొగ.

పది గంటల షిఫ్టు

తిరుపతి జిల్లాలో సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో ఉన్న శ్రీసిటీ పారిశ్రామిక వాడలో వేలమంది యువతులు పనిచేస్తున్నారు. ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల అసెంబ్లీ లైన్లలో వాళ్ళదే ఎక్కువ భాగం. ఇంటర్‌తో చదువు ఆగి, తర్వాత పెళ్ళి తప్ప వేరే దారి లేని అమ్మాయిలకు జీతం, హాస్టల్, స్నేహితులు, సొంత ఖాతా దొరికాయి. రాష్ట్రంలో 20-24 ఏళ్ళ మహిళల్లో 29 శాతం మందికి 18 నిండకముందే పెళ్ళయిందని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అలాంటి చోట ఒక ఉద్యోగం నాలుగేళ్ళు పెళ్ళిని వాయిదా వేయించినా అది గొప్ప సంగతే.

2025లో రాష్ట్రం ఫ్యాక్టరీల చట్టంలో మార్పులు తెచ్చింది. రోజుకు గరిష్ఠ పని గంటలు 9 నుంచి 10కి పెరిగాయి. సమ్మతి, రవాణా, భద్రత ఏర్పాట్ల షరతులతో మహిళలు రాత్రి షిఫ్టుల్లో పనిచేయడానికి అనుమతి వచ్చింది. రాత్రి పని మీద నిషేధం పోవడం సమానత్వం వైపు అడుగే, మంచి జీతం ఉన్న చాలా ఉద్యోగాలకు ఆ నిషేధమే అడ్డు. పది గంటల నిబంధన మాత్రం వేరే లెక్క. చట్టంలో అది ఆడా మగా ఇద్దరికీ ఒకటే. షిఫ్టు పది గంటలు, రానుపోను ప్రయాణం రెండు గంటలు, దాని మీద ఇంటి పని నాలుగైదు గంటలు కలిపితే పెళ్ళయి పిల్లలున్న మహిళకు నిద్రకు, తిండికి మిగిలేది ఏడెనిమిది గంటలు. మగ కార్మికుడికి ఆ ఇంటి పని సగటున గంటన్నర దాటదు. ఫలితం ఊహించవచ్చు: పెళ్ళి కాని అమ్మాయిలు లైన్‌లో ఉంటారు, బిడ్డ పుట్టగానే తప్పుకుంటారు, వాళ్ళ చోట్లోకి మళ్ళీ ఇరవై ఏళ్ళవాళ్ళు వస్తారు. సూపర్‌వైజర్ దాకా ఎదిగేది మధ్యలో మానకుండా ఉండగలిగినవాళ్ళే. ఈ చట్ట సవరణకు ముందు కార్మిక శాఖ సమయ వినియోగ సర్వేను ఎదుట పెట్టుకుని ఒక్క పేజీ నోట్ రాసి ఉంటే, ఫ్యాక్టరీ దగ్గర పిల్లల సంరక్షణ కేంద్రం గురించి చర్చ అప్పుడే జరిగేది.

బడ్జెట్‌లో మహిళల వాటా

కేంద్రం 2005-06 నుంచి బడ్జెట్‌తో పాటు జెండర్ బడ్జెట్ ప్రకటన ఇస్తోంది. పూర్తిగా మహిళలకే ఉద్దేశించిన పథకాలు ఒక భాగంలో, కనీసం 30 శాతం మహిళలకు చేరేవి ఇంకో భాగంలో ఉంటాయి. ఇటీవల 30 శాతం కంటే తక్కువ చేరేవాటికి మూడో భాగం కలిపారు. 2025-26లో ఈ ప్రకటన మొత్తం 4.49 లక్షల కోట్లు, కేంద్ర బడ్జెట్‌లో 8.86 శాతం. ఆంధ్రప్రదేశ్ కూడా 2021-22లో మహిళలకు, పిల్లలకు విడిగా లెక్క చూపింది.

ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. ఇల్లు మహిళ పేరున మంజూరు చేయాలన్న నిబంధన ఉంది కాబట్టి గ్రామీణ ఆవాస్ యోజన ఖర్చంతా పూర్తిగా మహిళలకే అన్న భాగంలో వేస్తూ వచ్చారు. ఆ ఇంట్లో భర్త, పిల్లలు, అత్తమామలు కూడా ఉంటారు కదా. ఇల్లు ఆమె పేరున ఉండడం చాలా అవసరం, గొడవ జరిగినప్పుడు బయటికి వెళ్ళాల్సింది ఆమె కాకుండా అది కాపాడుతుంది. 2020 డిసెంబరులో శ్రీకాళహస్తి దగ్గర ఊరందూరులో జరిగిన పంపిణీతో సహా రాష్ట్రమంతా లక్షల ఇళ్ళ స్థలాలు ఆడవాళ్ళ పేరుతోనే ఇచ్చారు. ఆ మేలును గుర్తిస్తూనే, సిమెంటుకు, ఇటుకకు పెట్టిన ప్రతి రూపాయినీ మహిళల వాటా అని చూపడం సరికాదని చెప్పాలి. అలా చూపితే మొత్తం పెద్దదవుతుంది, అంగన్‌వాడీకి, సంరక్షణ గృహాలకు, హింస నుంచి బయటపడినవాళ్ళ సహాయ కేంద్రాలకు ఎంత తక్కువ పెట్టారన్నది దాని వెనక కనబడకుండా పోతుంది.

పదవి ఇచ్చిన చేత్తోనే

స్థానిక సంస్థల్లో మహిళలకు సగం సీట్లు ఇచ్చిన రాష్ట్రం ఇది. 2021 ఎన్నికల్లో తిరుపతి, చిత్తూరు రెండు నగరాలకూ మహిళలే మేయర్లయ్యారు. సర్పంచి కుర్చీలో ఆమె, పక్క కుర్చీలో ఆమె భర్త అన్న ఫిర్యాదు పాతదే, కొంత నిజమే. అయితే ఇదే చట్టంలో ముప్పై ఏళ్ళు ఉన్న ఇంకో నిబంధన మీద ఇంత చర్చ జరగలేదు. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు పోటీకి అనర్హులు. 2024లోనే దాన్ని తీసేశారు.

చదివితే ఆడా మగా తేడా లేని నిబంధన అది. ఎంతమందిని కనాలి, ఎప్పుడు ఆపాలి, కొడుకు పుట్టేదాకా చూడాలా అన్న నిర్ణయం చాలా ఇళ్ళలో ఆమె చేతిలో ఉండదు. అనర్హత మాత్రం ఆమెకు వచ్చింది. ఒక చేత్తో రిజర్వేషన్ ఇచ్చి ఇంకో చేత్తో అడ్డుగోడ కట్టినట్టయింది. కుటుంబ నియంత్రణ భారం ఎవరి మీద పడిందో చూసినా ఇదే తేలుతుంది. 2019-21 సర్వే ప్రకారం రాష్ట్రంలో పెళ్ళయిన మహిళల్లో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నారు, ఆపరేషన్ చేయించుకున్న మగవాళ్ళు ఒక్క శాతం కూడా లేరు. ఇప్పుడు జనాభా తగ్గుతోందని, ఎక్కువమందిని కనాలని చెప్పే మాటలు వినిపిస్తున్నాయి. విధానం దిశ పూర్తిగా తిరిగింది, దాని బరువు మోసే శరీరం మాత్రం మళ్ళీ ఆమెదే. కొత్త జనాభా విధానం ఏది రాసినా ఈ గత అనుభవాన్ని ముందు అంచనా వేయకుండా రాయడం అన్యాయం.

అడగడం ఎప్పుడు, ఎవరిని

పథకం పూర్తయ్యాక చేసే సమీక్ష కంటే జీవో రాకముందు చేసే అంచనా ఎక్కువ మేలు చేస్తుంది. స్పెయిన్ 2003 చట్టంతో ప్రభుత్వ నిబంధనలకు, బిల్లులకు స్త్రీ పురుషులపై పడే ప్రభావాన్ని విడివిడిగా చూపే నివేదికను తప్పనిసరి చేసింది. కెనడా 2018లో జెండర్ బడ్జెటింగ్‌కు చట్టం తెచ్చింది. ఆస్ట్రియా రాజ్యాంగంలోనే ఆ బాధ్యతను చేర్చింది. మనకు పూర్తిగా కొత్త యంత్రాంగం అవసరం లేదు. ఉపాధి హామీ పనుల మీద ఊరూరా సోషల్ ఆడిట్ చేయించిన రాష్ట్రం ఇది, దానికోసం 2009లో ఒక స్వతంత్ర సంస్థనే పెట్టింది. మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, చదివి వినిపించి, సంతకం నీదేనా అని కూలీలను అడిగే ఆ పద్ధతి దేశానికి నమూనా అయింది. అదే పద్ధతిలో బస్సు గురించి, గ్యాస్ గురించి, తల్లి ఖాతా గురించి అడగడానికి కొత్తగా కావాల్సింది కొన్ని ప్రశ్నలే. 1983 నుంచి తిరుపతిలో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది. రెండు జిల్లాల మండలాల నుంచి వచ్చి చదివే విద్యార్థినులు తమ ఊళ్ళలోనే ఈ సర్వే చేయగలరు, ఆ ఇళ్ళలో తలుపు తెరిచి లోపలికి రమ్మనేది కూడా వాళ్ళనే.

ప్రశ్న ఎక్కడ అడుగుతామన్నది జవాబును మార్చేస్తుంది. గ్రామసభ ఉదయం పదకొండుకు పెడితే కూలికి వెళ్ళిన ఆడవాళ్ళు ఉండరు, వచ్చినవాళ్ళు వెనక వరసలో కూర్చుని మాట్లాడరు. ఇంటింటి సర్వేలో ఇంటి యజమాని అన్న గడిలో పేరు రాసుకుని అతన్నే అడిగి వెళ్ళిపోతారు. ఈ రెండు జిల్లాల్లో చాలా ఊళ్ళలో ఆడవాళ్ళు రోజూ రెండు పూటలా తప్పనిసరిగా వచ్చే చోటు పాల కేంద్రం. ఉదయం ఆరింటికి, సాయంత్రం ఆరింటికి అక్కడ క్యూలో నిలబడతారు, పక్కన మగవాళ్ళు తక్కువ ఉంటారు, నోరు విప్పి మాట్లాడుకుంటారు. పథకాల అంచనాకు వచ్చే బృందం అక్కడికి ఆ వేళకే వెళ్ళాలి. ఒక్కొక్కరినీ విడిగా, పేరు రాసుకోకుండా మూడు సంగతులు అడగాలి: ఈ నెలలో ఎన్నిసార్లు ఒంటరిగా ఊరు దాటావు, ఖాతాలో పడ్డ డబ్బు నీ ఇష్టప్రకారం దేనికి వాడావు, నీకు రావాల్సింది ఏది రాలేదు. క్యూలో కనిపించని ఒంటరి మహిళల గురించి కూడా వాళ్ళనే అడగాలి. ఏ ఇంట్లో ఎవరున్నారో సచివాలయం రాసుకున్న ఇళ్ళ జాబితా కన్నా వాళ్ళకే బాగా తెలుసు.